విప్పి బిగించిన ఇంజిన్

పూర్తిగా విప్పి, కొత్త రింగులు వేసి బిగించిన పాతకాలపు కారు ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, నిలకడ లేక వణికితే, నింద ముందుగా పడేది పెట్రోలును చిమ్మే ఇంజెక్షన్ వ్యవస్థ మీదే. చాలాసార్లు అది అన్యాయమైన నింద. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600తో వచ్చిన బాష్ డి-జెట్రానిక్ అనే ఇంజెక్షన్ వ్యవస్థ గాలిని నేరుగా కొలవదు, సిలిండర్లకు గాలిని పంచే గొట్టమైన ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని పీడనాన్ని బట్టి అంచనా కడుతుంది. అందువల్ల రీబిల్డ్‌లో వాల్వ్ క్లియరెన్సు మరీ బిగుతుగా పెట్టినా, క్యామ్‌షాఫ్ట్‌ను వేరే కొలతలదానితో మార్చినా, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ తగ్గి, అంటే పీడనం పెరిగి, దాన్ని కొలిచే సెన్సర్ ఇంజిన్‌పై అధిక భారం పడిందని పొరబడి, పెట్రోలు ఎక్కువగా పోయిస్తుంది.

1973 నాటి కె-జెట్రానిక్ తీరు వేరు. గాలి ప్రవాహానికి కదిలే లోహపు పళ్లెంతో అది గాలిని నిజంగానే కొలుస్తుంది గనుక, పళ్లేన్ని తప్పించుకుని దొంగదారిన దూరిన గాలికి తగిన పెట్రోలు అందక మిశ్రమం పలచబడుతుంది. ఆ దొంగదారి ఇంజెక్టరు చుట్టూ ఎండి బిరుసెక్కిన రబ్బరు రింగు కావచ్చు. క్రాంక్‌కేసు ఆవిర్లు తిరిగి ఇన్‌టేక్‌కే చేరే పోర్షే 911 వంటి కార్లలో ఆయిలు మూత కింది వాషరూ కావచ్చు. ఇంజిన్ నడుస్తుండగా ఆ మూత తీస్తే అది తడబడాలి. ఏ మార్పూ లేకుంటే గాలి అప్పటికే మరెక్కడో చొరబడుతోందని అనుమానించాలి. పైసా ఖర్చులేని ఈ పరీక్షను వదిలేసి మిశ్రమం స్క్రూ తిప్పేవారే ఎక్కువ; అలా ఐడిల్ కుదురుకున్నా, లీకు వాటా స్వల్పమయ్యే అధిక వేగాల్లో మిశ్రమం చిక్కబడి, ప్లగ్గులు మసిబారుతాయి.