గాల్లో పిల్లిమొగ్గ

విండ్‌సర్ఫింగ్ చేస్తానంటే చాలామంది "అలల మీద పలకేసుకుని జారతారే, అదేనా?" అంటారు. కాదు, అది సర్ఫింగ్. ఇందులో పలకకి తెరచాప కూడా ఉంటుంది, దాన్ని మన చేతుల్తోనే పట్టుకోవాలి. మాస్ట్ అడుగున ఒక యూనివర్సల్ జాయింట్ ఉండటం వల్ల సెయిల్ ఎటు వాలిస్తే అటు వాలుతుంది. చుక్కాని లేదు. సెయిల్‌ని ముందుకి వాలిస్తే బోర్డు గాలికి దూరంగా మళ్ళుతుంది, వెనక్కి వాలిస్తే గాలి వైపు తిరుగుతుంది. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో ఈ డిజైన్‌కి పేటెంట్ వేసిన ఇద్దరిలో ఒకరైన జిమ్ డ్రేక్ ఏరోస్పేస్ ఇంజినీరు. యూనివర్సల్ జాయింట్ క్లాసులో నిద్రపోయిన మెకానికల్ తమ్ముళ్ళు గమనించగలరు.

మాది చీరాల. వాడరేవు బీచ్‌కి వెళ్తే మోకాలి లోతు దాటగానే నాన్న కేక. మా వీధిలో ఒకన్నయ్య ఇంటర్ సెలవుల్లో ఆ సముద్రంలోనే పోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో సముద్రం అంటే దూరం నుంచి చూసి, మిరపకాయ బజ్జీ తిని వచ్చేసే చోటు. ఈత మాత్రం పెదనాన్న వాళ్ళ ఊరి కాలవలో నేర్చుకున్నా. అదే పనికొచ్చింది.

బీటెక్ అయ్యాక మాస్టర్స్‌కి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ వెళ్ళా. అక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలో బ్రౌవర్స్‌డామ్ ఉంది. డ్యామ్ అనగానే మనకి నది గుర్తొస్తుంది కదా, ఇది సముద్రానికే అడ్డంగా కట్టింది. 1953 వరదల తర్వాత మొదలైన డెల్టా వర్క్స్‌లో భాగం, 1971లో పూర్తయింది. ఒక పక్క ఉత్తర సముద్రం, ఇంకో పక్క ఉప్పునీటి సరస్సు. సరస్సు వైపు పెద్ద అలలు రావు, గాలి మాత్రం ఫుల్లు. నాలాంటి వాళ్ళు నేర్చుకునేది అటు పక్కే.

మొదటి వేసవంతా నీళ్ళలో పడటం, ఎక్కడం, మళ్ళీ పడటం. దాని గురించి చెప్పడానికేం లేదు. రెండో వేసవిలో జంప్ వచ్చింది. బోర్డు బాగా వేగం అందుకుని నీటి మీద తేలిపోతున్నప్పుడు, ఎదురొచ్చే చిన్న అలని ర్యాంపులా వాడుకుని, వెనక కాలితో తన్ని, ముందు కాలిని పైకి లాక్కోవాలి. సెయిల్‌లో గాలి నిండి ఉంటే మనల్ని కాసేపు పట్టుకునే ఉంచుతుంది. ఆ అర సెకను కోసం గంటన్నర బస్సెక్కి వెళ్ళేవాణ్ణి.

లూప్ సంగతి వేరు. మన పిల్లిమొగ్గే, కాకపోతే గాల్లో, కాళ్ళకి బోర్డు కట్టుకుని. దీన్ని 1980లలో మొదట చేసినవాళ్ళలో ఒకరిగా ఇటలీకి చెందిన చేజారే కాంటగల్లి పేరు చెప్తారు. పేరు చూడండి, ఈ ఆటలో అసలు చేజారకూడని వస్తువు సెయిలే! గాలి వెనకనుంచి వాటంగా తగిలేలా బోర్డుని మళ్ళించి, హార్నెస్ హుక్ తీసేసి, వెనక చెయ్యిని బూమ్ మీద ఇంకా వెనక్కి జరిపి ఎగరాలి. ఎగిరీ ఎగరగానే మాస్ట్‌ని ముందుకీ, గాలి వైపుకీ విసిరి, వెనక చేత్తో సెయిల్‌ని గట్టిగా లోపలికి లాక్కోవాలి. అప్పుడు సెయిల్ లాగే బలం మన బరువు కేంద్రానికి దూరంగా పనిచేస్తుంది. అదే టార్క్. కాళ్ళు ముడుచుకుంటే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా తగ్గి ఇంకా వేగంగా తిరుగుతాం. ఫస్టియర్ ఫిజిక్సే.

ఒంటికి ఫిజిక్స్ తెలీదు, అదే చిక్కు. సగం తిరిగేసరికి తల కిందికి వెళ్తుంది, నీళ్ళు కనిపిస్తాయి, వెనక చెయ్యి దానంతటదే వదులవుతుంది. సెయిల్ తెరుచుకుని గాలి జారిపోతుంది. తిరగడం ఆగిపోతుంది. పడేది వెల్లకిలా, దబ్బుమని. అంటే కాపాడుకుందామని ఒళ్ళు చేసే పనే దెబ్బ తగిలిస్తుంది. పూర్తి లూప్ కంటే సగం లూప్‌కే భయపడాలి. హెల్మెట్టు, ఇంపాక్ట్ వెస్టు ఉన్నా ఒకసారి పది సెకన్లు ఊపిరి అందలేదు. ఆ పది సెకన్లలో ఉత్తర సముద్రం గుర్తు రాలేదు, వాడరేవు గుర్తొచ్చింది. తర్వాత రెండు వారాలు అటు వెళ్ళలేదు.

నేర్పే ఆవిడ డచ్, యాభై దాటి ఉంటుంది. తీసిన వీడియో ఆపి ఆపి చూపించింది. "ఇక్కడ చూడు, నువ్వు నీళ్ళు చూశావు. వెంటనే చెయ్యి వదిలింది. భయపడు, పర్లేదు. కానీ వెనక్కి చూస్తూ భయపడు." నిజమే, తల వెనక భుజం మీదుగా తిరిగితే ఒళ్ళూ అటే తిరుగుతుంది, నీళ్ళూ కనపడవు. వారం పాటు గడ్డిలో సెయిల్ పట్టుకుని అదొక్కటే చేయించింది, తల, చెయ్యి, తల, చెయ్యి. పక్కన పిల్లలు నవ్వుకునేవాళ్ళు.

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం, గాలి 20 నాట్లు, అంటే గంటకి 37 కిలోమీటర్లు. నా సెయిల్ 5.3 చదరపు మీటర్లు. పదకొండో ప్రయత్నంలో తల తిప్పా, చెయ్యి లాగా. చుట్టూ ఏం జరిగిందో తెలీదు. చూస్తే నీళ్ళలో కూర్చుని ఉన్నా, బోర్డు కాళ్ళకే ఉంది, సెయిల్ నెత్తిమీద, నోటినిండా ఉప్పునీళ్ళు. చెయ్యి వదల్లేదు!

ఆ వీడియో నాన్నకి పంపడానికి మూడ్రోజులు ఆలోచించా. పంపాక నీలం టిక్కులు పడ్డాయి, గంటసేపు జవాబు లేదు. తర్వాత ఒక్క లైను: "నెత్తిమీద ఉన్నది హెల్మెట్టేనా?" అవునన్నా. "సరే, అమ్మకి నేను చూపిస్తాలే."

ఇప్పుడు రెండో వైపు మొదలుపెట్టా. తిరుగు ప్రయాణంలో ఎడమ చెయ్యి ముందుకొస్తుంది, కుడి చెయ్యి వెనక. ఎడమ చేతికి వచ్చిన విద్య కుడి చేతికి ఒక్క ముక్క రాలేదు, నీళ్ళు కనపడగానే వదిలేస్తోంది. మళ్ళీ గడ్డిలోకి వచ్చా, మళ్ళీ అదే పిల్లలు.