పిలువని చుట్టములు

డల్లాసు నగరమున మా యింటి ముందుగదిలో 40 గ్యాలనుల ఉప్పునీటి తొట్టి యొకటి కలదు. అంగడినుండి సముద్రపురాయి తెచ్చి దానిలో నుంచితిమి. వెల రాతికే యిచ్చితిమి గాని, వచ్చినది రాయి మాత్రమే కాదు. దాని తొఱ్ఱలలో కాపురమున్న ప్రాణులన్నియు టిక్కెట్టు లేకయే మా యింటికి విచ్చేసినవి.

మూడవనాటి రాత్రి ఎఱ్ఱదీపము పట్టి చూచితిమి. ఇరుప్రక్కల తెల్లని నూగు గల పురుగొకటి జెఱ్ఱివలె సందులోనుండి వెలికి వచ్చుచుండెను. జెఱ్ఱిని చూచిన చేయి ఊరకుండునా? నాలుగైదింటిని పట్టి చంపితిమి. వాని రోమములు వ్రేళ్లకు గ్రుచ్చుకొని రెండుదినములు మండినవి. చేపలు వదలిన మేతను, కుళ్లును తిని తొట్టిని శుభ్రపఱచునవి అవియేనని పిమ్మట తెలిసినది. పనిచేయువానిని రూపము చూచి అసహ్యించుకొనుట మనకు క్రొత్త గాదు గదా!

ఆ రాతిమీదనే గాజువలె మెఱయు గోధుమవన్నె పువ్వొకటి విచ్చుకొనగా, వచ్చినవారికెల్ల చూపి మురిసితిమి. అది ఐప్టేసియా; ప్రక్కనున్న పగడములను కుట్టి చంపు జంతువు. సంగతి తెలిసినంతనే కత్తితో గీకివైచితిమి. రాతికంటిన తునుకలనుండి మఱల మొలకెత్తి, నెలతిరుగకముందే అవి పండ్రెండైనవి.

ఇక మాకు కోపము వచ్చినది. రాతిని పైకి తీసి, పెద్దగిన్నెలో నీరుపోసి పొయ్యి వెలిగించితిమి. ఉడికించినచో పీడ విరగడయగునని మా యూహ. నాలుగేండ్ల మా చిన్నది అచటనే నేలపై ఆడుకొనుచుండెను. మా గృహిణి వచ్చి రాతిని చూచి, "ఏమండీ, ముందు పొయ్యి ఆర్పండి. ఆ పచ్చని గుండీలవంటివి ఏమిటో చూచితిరా?" అనెను. మేము చూడలేదు. అవి జోవాంథిడు జాతివి. వానిలో కొన్నింటియందు పాలిటాక్సిను అను ఘోరవిషముండును. రాతిని ఉడికించినచో ఆవిరితోపాటు అది ఊపిరిలోనికి పోవును. 2018లో ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డుషైరులో తొట్టిలోని పగడములను శుభ్రపఱచుచుండగా ఒక కుటుంబమంతయు ఆసుపత్రి పాలైనది. ఆమె యిది చదివియుండెను; తొట్టి మాదని చెప్పుకొను మేము చదువలేదు. గిన్నెలోని నీరు అప్పటికే వేడెక్కుచుండెను. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

మఱునాడు చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు ధరించి పని ఆరంభించితిమి. నీటి పంపును ఆపి, సున్నపుముద్దను పిచికారితో ఒక్కొక్క ఐప్టేసియా నోట పెట్టితిమి. ఎక్కువైనచో నీటి క్షారము పెరిగి చేపలకే ముప్పు గావున, దినమునకు రెండింటికి మించి ముట్టలేదు. మిగిలినవానిని తినుటకు పెప్పర్‌మింటు రొయ్యలు రెండింటిని తెచ్చితిమి. ఒకటి చక్కగా పనిచేసినది. రెండవది చేపల మేతకే అలవాటుపడి మాకు మఱియొక చుట్టమైనది.

ఇప్పుడు క్రొత్తరాయి ఏది వచ్చినను నెలదినములు వేఱు బక్కెటులో నుంచి, గుర్తుపట్టిన పిమ్మటనే తొట్టిలో దింపుచున్నాము. నూగుపురుగుల జోలికి పోవుటలేదు. రాత్రులందు ఎఱ్ఱదీపము పట్టి వానిని లెక్కించు పని మా చిన్నది తీసికొన్నది. నిన్నటి లెక్క పదునేడు.