కంప్యూటరు పోయినదంటే

పాతకారు ఏమాత్రం మొరాయించినా “కంప్యూటర్ పోచ్చు సార్” అనడం మా కోయంబత్తూరు షెడ్లలో వాడుక అయినది. ఆ మాట వినగానే మనబోటి గుమాస్తాలకు గుండె జారుతుంది. మా కారు 2003 నాటిది. వారానికి రెండు మార్లు నాన్నగారిని డయాలిసిస్‌కు తీసుకొనిపోవడానికి అదే ఆధారం. వేడెక్కిన యింజను ఆపితే మళ్ళీ అందుకోదు. పొగ నల్లగా వస్తుంది. లీటరుకు 16 కిలోమీటర్లు వచ్చేది 11కు దిగినది. ఒక షెడ్డులో కొత్త కంప్యూటరుకు చెప్పిన ధర నా నెల జీతాన్ని మించినది.

నాకు తోచినంతలో ఆ కంప్యూటరు గదిలో కూర్చున్న ఆఫీసరు వంటిది. యింజనును కన్నెత్తి చూడదు. క్రింది సెన్సార్లు వ్రాసి పంపిన కాగితాలను బట్టే పెట్రోలు మంజూరు చేస్తుంది. కాగితం రానేరాకపోతే డాష్‌బోర్డులో దీపం వెలిగిస్తుంది. కాగితం వచ్చి, అందులోని అబద్ధం నమ్మదగినట్లు ఉంటే మాత్రం దీపమూ వెలగదు, సంతకమూ పడిపోతుంది. మాకు జరిగినది అదే.

ఉక్కడం దగ్గర వైరింగు పని చేసే ఒక పెద్దాయన ఉన్నారు. మనవారే, ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం. ఆయన ముందుగా కూలెంటు వేడిని తెలిపే సెన్సారును విప్పించారు. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద సుమారు 2,500 ఓములు, 80 వద్ద సుమారు 300. నీళ్ళు కాచి, థర్మామీటరు, మీటరు పెట్టి చూశాము. (కూలెంటు విషం కనుక వంటగిన్నె పనికిరాదు. మా ఆవిడ ముందే ఒక పాత డబ్బా చేతికిచ్చినది.) సెన్సారు సరిగానే చెప్పినది.

“అయితే అబద్ధం దారిలో కలిసింది నాయనా” అన్నారాయన. సెన్సారును మరల బిగించి, యింజను వేడెక్కించి ఆపి, బ్యాటరీ తీగ తీసి, కంప్యూటరు ప్లగ్గు ఊడదీసి ఆ చివరనుండి కొలిచారు. 300 రావలసినచోట 2,100 వచ్చినది! అనగా ఉడుకుతున్న యింజనును కంప్యూటరు 25 డిగ్రీల చల్లని యింజను అనుకొని, తెల్లవారుజామున పోసినట్లు పెట్రోలు పోస్తున్నదన్నమాట. సెన్సారు ప్లగ్గులోని పిన్నుకు పచ్చని చిలుము పట్టి ఉన్నది.

స్కానరు పెట్టలేదా అని కొందరడిగారు. అమెరికాలో 1996 మోడళ్ళ నుండి కార్లన్నిటికీ ఒకే రకం సాకెట్టు. మన దేశంలో అటువంటి నిబంధనలు 2010 నుండి గాని రాలేదు. అంతకు ముందటి బండ్లతో ఈనాటి స్కానర్లు చాలామట్టుకు మాట కలపవు. కలిపితే మాత్రం కోడ్లకంటె యింజను వేడి అంకెను చూడడం మేలు. అరగంట తిరిగివచ్చిన బండి 25 డిగ్రీలు చూపితే ఎవరికైనా తెలిసిపోతుంది.

ప్లగ్గు మార్చి, రెండు తీగలకు టంకం పెట్టి, అన్నిటికీ 550 రూపాయలు తీసుకొన్నారు. అదే చేతితో యింజను ఎర్తు తీగను విప్పి, గీకి బిగించారు. ఆ పని మీరు కూడ ముందే చేయించుకోవచ్చును, ఖర్చు లేనిది.

మొన్న మంగళవారం వెనుక సీట్లో కూర్చున్న నాన్నగారు, “ఇవాళ పెట్రోలు వాసన లేదేమిరా?” అన్నారు.