ఫైల్ ఉంది, రిజిస్టర్ కాలేదు

పోస్టు కొంచెం పెద్దగైంది, ఓపికగా చదవండి.

నేను బీకాం కంప్యూటర్స్ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. హాస్టల్‌ల ఉండి, సెలవు రోజుల్ల ఒక ఎరువుల దుకాణంల బిల్లులు కొడుత. పరీక్ష ఫీజు ఆ డబ్బులతోనే కట్టుకుంట. స్టాకు, ఖాతాలు, బిల్లులు అన్నీ ఒకటే సాఫ్ట్‌వేర్. విజువల్ బేసిక్ 6ల రాసిన పాతది.

వానాకాలం మొదట్ల సేటు కొత్త కంప్యూటర్ కొన్నడు. పాతదాంట్ల ఉన్న ఫోల్డర్‌ను ఎవరో పెన్‌డ్రైవ్‌ల తెచ్చి ఇందుల వేసిండ్రు. ఆదివారం పొద్దున నేను తెరిస్తే ఇంగ్లీషుల ఒక డబ్బా వచ్చింది. ఎంఎస్‌కామ్‌సీటీఎల్ డాట్ ఓసీఎక్స్ అనే కాంపోనెంట్ పేరు చూసి, ఫైల్ మిస్సింగ్ అన్న మాట ఒక్కటే చదివిన. బయట యూరియా కోసం రైతులు నిలబడి ఉన్నరు. సేటు, "నువ్వే ఏదో ముట్టినవ్. మధ్యాహ్నంలోపు చెయ్యకపోతే రేపటి నుంచి రాకు" అన్నడు. చేతులు వణికినయి.

పాత కంప్యూటర్‌ల ఆ ఫైల్ వెతికి తెచ్చి, సిస్టమ్32 ఫోల్డర్‌ల వేసిన. మళ్ళీ అదే డబ్బా. నెట్‌ల ఫైల్ ఫ్రీగా ఇస్తమనే సైట్లు కనబడ్డయి. నొక్కబోయి, మా హాస్టల్ సీనియర్ అన్నకు ఫోన్ చేసిన.

"తమ్మీ, ఆ సైట్ల జోలికి పోకు, వైరస్ వస్తది. ముందు డేటా ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌ల దాచుకో. తర్వాత మెసేజ్ మొత్తం చదువు" అన్నడు.

మెల్లగా చదివిన. ఈ కాంపోనెంట్ గానీ, దానికి అవసరమైన మరో ఫైల్ గానీ సరిగ్గా రిజిస్టర్ కాలేదని మొదట్లనే ఉంది. నేను చివరి మాట పట్టుకుని భయపడ్డ. సెటప్ నడిపితే ఆ రిజిస్ట్రేషన్ అదే చేస్తది. ఫోల్డర్ కాపీ చేస్తే కాదు. సెటప్ సీడీ ఉంటే అదే మంచి దారి, మా దగ్గర పోయింది.

అన్న చెప్పినట్టు చేసిన. ఆ ఫైల్ 32 బిట్‌ది, కంప్యూటర్ 64 బిట్‌ది. పేరు చూసి మోసపోవద్దు: 64 బిట్ విండోస్‌ల 32 బిట్ ఫైళ్ళు ఉండేది సిస్‌వావ్64 ఫోల్డర్‌ల. ఫైల్ అక్కడ పెట్టి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఆ ఫోల్డర్‌లకే పోయి, రెగ్‌ఎస్‌వీఆర్32 అని కొట్టి పక్కన ఫైల్ పేరు రాసిన. ఫెయిల్. "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచినవా?" అని అడిగిండు అన్న. తెరవలే. అట్ల తెరిచి మళ్ళీ కొడితే సక్సీడెడ్ అని వచ్చింది. బిల్లు స్క్రీన్ తెరుచుకుంది. సేటు ఏం అనలేదు, చాయ్ తెప్పించిండు.

రాత్రి హాస్టల్‌ల పడుకుంటే మా నాయన పోడు చేను గుర్తొచ్చింది. తాతల నాటి నుంచి దున్నుతున్నం. భూమి ఉంది, రికార్డుల పేరు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టి, రాలేదని నాయన ఊరుకున్నడు. ఆ తిరస్కరణ కాగితం మేమెవ్వరం పూర్తిగా చదవనే లేదు. దసరా సెలవులకు పోయి, మొదటి లైను నుంచి చదువుత.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇంగ్లీషు డబ్బా కనబడంగనే ఓకే కొట్టి మూయకండి. ఫోటో తీసుకోండి, పూర్తిగా చదవండి. అర్థం కాకపోతే ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.

జై ఆదివాసీ.