వెనక చక్రాలు

కారు వెనక్కి జారింది నాలుగు మీటర్లు. అంతకంటే ఎక్కువుండదు. తర్వాత దిగి అడుగులతో కొలిచాను కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మేం ఇంగ్లండులో ఉంటున్నాం, పదకొండేళ్లుగా. ఇది జరిగినప్పుడు పాపకు తొమ్మిది, బాబుకు నాలుగు. పాప క్లాసులో చాలామంది ఫిబ్రవరి సెలవులకు మంచుకొండల మీద స్కీయింగుకు వెళ్తారు. దాని పోరు పడలేక ఒప్పుకున్నాం. విమానమైతే నలుగురికి టికెట్లు, దిగాక మళ్లీ బస్సు, సామాను మోత. కార్లో పోదామన్నది నేనే. ఫ్రాన్సు ఆల్ప్స్‌లో లే మెన్యూయిర్ అనే చోట ఒక ఫ్లాట్ దొరికింది, శనివారం నుంచి శనివారం దాకా. అది 1,850 మీటర్ల ఎత్తున ఉంటుంది. మాది గోదావరి పక్క పల్లె. మా ఊళ్లో ఎత్తయిన చోటంటే ఏటిగట్టు.

నెల ముందు నుంచే సన్నాహాలు. నంబరు ప్లేటు పక్కన ‘యూకే’ స్టిక్కరు, పాత ‘జీబీ’ది 2021 సెప్టెంబరు నుంచి చెల్లదు. మా లైట్లు అక్కడ ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి కాబట్టి వాటి మీద అతికించే బిళ్లలు. ఎర్ర త్రికోణం. తలా ఒక మెరిసే జాకెట్టు, అదీ డిక్కీలో కాదు, చేతికందేలా సీటు దగ్గరే. చలికి గడ్డకట్టని అద్దాల నీళ్లు. పిల్లలకు బొంత కోట్లు తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చాం. మా ఆవిడ పులిహోర కలిపింది, చిన్న రైస్ కుక్కరు, ఆవకాయ సీసా సర్దింది.

ఇక గొలుసులు. పర్వత ప్రాంతాల్లో నియమం పెట్టిన చోట్ల నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా కారుకు చలికాలపు టైర్లయినా ఉండాలి, లేదా చక్రాలకు తొడిగే గొలుసులైనా బండిలో ఉండాలి. ఫ్రాన్సులో ఇది 2021 నవంబరు నుంచి ఉంది. నాలుగు టైర్ల ఖరీదు చూసి గొలుసులే కొన్నాను. సైజు రెండుసార్లు సరిచూశాను. పెట్టె డిక్కీ అడుగున పెట్టి, దాని మీద సూట్‌కేసులు పేర్చాను.

‘‘ఏమండీ, ఒకసారి తొడిగి చూడకూడదూ?’’ అంది మా ఆవిడ.

‘‘వీడియో చూశాలే.’’

శుక్రవారం ఫోక్‌స్టన్ దగ్గర కారుతో సహా రైలెక్కాం. సముద్రం కింద 35 నిమిషాలు, అవతల కలే. రాత్రి దిజోన్ దగ్గర పడక. అంతవరకు హాయి. శనివారం మధ్యాహ్నం ఆల్బర్‌విల్ దాటాక బండ్లు ఆగిపోయాయి. ఫ్లాట్లన్నీ శనివారమే చేతులు మారతాయి, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అదే లోయలో. బాబుకు రెండుసార్లు రోడ్డు పక్కనే పని కానిచ్చాం. మూటియే ఊరు చేరేసరికి చీకటి పడింది, వాన పడుతోంది. అక్కడి నుంచి పైకి పాతిక కిలోమీటర్లు దాటి ఉంటుంది. ఎక్కుతూ ఉండగానే వాన మంచయింది.

ఒకచోట నీలం గుండ్రటి బోర్డు, అందులో గొలుసు చుట్టిన టైరు బొమ్మ. అందరూ పక్కకు తీసి ఆపుతున్నారు. నేనూ ఆపాను. సూట్‌కేసులన్నీ మంచులోకి దించితే గానీ పెట్టె చేతికి రాలేదు. వీడియోలో పొడి గచ్చు, పట్టపగలు. ఇక్కడ ఫోను లైటు, అది పట్టుకుని వణుకుతున్న పాప. ఉన్ని గ్లవ్సు తడిసిపోతే తీసేశాను. కాసేపటికి వేళ్లలో ఏది ఏదో తెలియలేదు. కొక్కెం తగిలిందా లేదా అని కళ్లతో చూసుకోవాల్సి వచ్చింది. ముప్పావుగంట పట్టింది. ముందు చక్రాలకు రెండిటికీ తొడిగి, గెలిచినవాడిలా లోపలికొచ్చి కూర్చున్నాను.

రెండు మలుపులు బాగానే ఎక్కింది. మూడో మలుపు తీసుకుంటుండగా వెనక ఏదో గిర్రున తిరిగిన చప్పుడు. బండి ముందుకు పోవడం ఆగింది. బ్రేకు గట్టిగా తొక్కాను. అయినా కిటికీ బయట మంచు ముందుకు కదులుతోంది. మేం వెనక్కి పోతున్నామని అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. ఎవరూ అరవలేదు. మా ఆవిడ చెయ్యి వెనక్కి చాపి బాబు కాలు పట్టుకుంది. అవతల లోయ. బండి కొండవైపుకే తిరిగి, యంత్రం తోసి పోగేసిన మంచుగట్టుకు తగిలి ఆగింది. లోయవైపు తిరగలేదంటే అందులో నా తెలివేమీ లేదు.

ముగ్గురినీ దింపి, మెరిసే జాకెట్లు వేయించి, రోడ్డు పైవైపు నిలబెట్టాను. వెనక వస్తున్న వ్యాన్‌లోంచి ఒక పెద్దాయన దిగాడు. చక్రాలు చూశాడు. నన్ను చూశాడు. ‘‘దెర్యేర్! దెర్యేర్!’’ అని వెనక టైరును బూటుతో తన్ని చూపించాడు. నాకు ఫ్రెంచి రాదు, కానీ అది అర్థమైంది. మా బండికి ఇంజను తిప్పేది వెనక చక్రాలను. అంతకుముందు నేను నడిపినవన్నీ ముందు చక్రాల బండ్లు. గొలుసులు తొడగాల్సింది బండిని లాగే చక్రాలకు. వీడియోలోని కారుకు అవి ముందున్నవి, అంతే.

మంచులో నిలబడి ఉండగా నాకు గుర్తొచ్చింది మా నాన్న దమ్ము చేసే రోజులు. ట్రాక్టరు వెనక చక్రాలకు ఇనుప దమ్ముచక్రాలు బిగించేవాడు. స్పానర్లు అందించింది నేనే. ముందు చక్రాలకు ఎందుకు కట్టరని ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిన పనే లేదు, తెలుస్తూనే ఉంటుంది. చేత్తో చేసిన పని కాబట్టి.

పెద్దాయన మంచులో వెల్లకిలా పడుకుని రెండు గొలుసులూ విప్పి వెనక్కి మార్చాడు. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు గానీ, బాబు ఏడుపు మొదలెట్టి ఇంకా ఆపకముందే అయిపోయింది. పేరడిగేలోపు వెళ్లిపోయాడు. ఆ ఇరుకులో ఇవ్వడానికి మా దగ్గర పులిహోర తప్ప ఏమీ లేదు, అదీ ఇవ్వలేదు.

రాత్రి పదకొండు దాటాక చేరాం. తర్వాత ఆఫీసులో ఒకాయన చెప్పాడు, 2014 డిసెంబరు 27న మేం వెళ్లిన సవా ప్రాంతంలోనే మంచు కురిసి దాదాపు 15 వేల మంది బండ్లు దిగి స్కూళ్లలో, హాళ్లలో తలదాచుకున్నారని. అదీ శనివారమే. మా బుకింగుకు ముందు చెప్పి ఉంటే నేను వినేవాడినా అంటే, అనుమానమే.

వారమంతా పాప కిందపడుతూ లేస్తూ స్కీయింగు నేర్చుకుంది, దానికది గొప్ప సెలవు. నా కుడిచేతి రెండు వేళ్ల కొసలకు మార్చి దాకా స్పర్శ సరిగా రాలేదు. బాబు మంచు గురించి మళ్లీ మాట్లాడలేదు. కానీ ఇంటి దగ్గర మేం వెళ్లే సూపర్‌మార్కెట్‌కు మూడంతస్తుల పార్కింగుంది. ర్యాంపు ఎక్కే ప్రతిసారీ, ఆ ఏడాదంతా, వెనక సీటులోంచి అడిగేవాడు:

‘‘నాన్నా, వెనక్కి పోతుందా?’’

మా ఆవిడ ఏమీ అనకుండా చెయ్యి వెనక్కి చాపి వాడి కాలు పట్టుకునేది.