విలేఖరి చేతి కెమెరా

గొంతెత్తి పాడుతున్న బిల్లీ హాలిడే నలుపు తెలుపు చిత్రం ఒకటి మీలో చాలామంది చూసే ఉంటారు. దానిని 1947లో న్యూయార్కులో తీసినవాడు విలియం గాట్లీబ్. వృత్తిరీత్యా ఆయన విలేఖరి.

వాషింగ్టన్ పోస్టులో జాజ్ సంగీతంపై వారం వారం శీర్షిక వ్రాసేవాడు. పత్రికవారు ఛాయాగ్రాహకునికి సొమ్మివ్వడం మానుకోగా, స్పీడ్ గ్రాఫిక్ కెమెరా కొని తానే ఆ పని నేర్చుకొన్నాడు. ఫిల్ము, ఫ్లాష్ బల్బులు ఖరీదైనవి గనుక కచేరీకి మూడు నాలుగు చిత్రాలే తీసేవాడు. పాట ఎక్కడ పతాకస్థాయి నందుకొంటుందో తెలిసిన రసికునికే అది సాధ్యం.

యుద్ధానంతరం డౌన్ బీట్ పత్రికలో చేరి, యాభైరెండవ వీధి ఇరుకు క్లబ్బుల్లో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, డిజీ గిలెస్పీ వంటివారిని చిత్రించాడు. 1948లో, ముప్పైయొకటవ ఏట, కుటుంబం కోసం ఆ రాత్రి కొలువు విడిచి, బడిపిల్లలకు బోధనా ఫిల్ములు తయారుచేయసాగాడు. చిత్రాలు 1979లో గ్రంథరూపం దాల్చాయి. 1995లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటిని కొన్నది. 2006లో ఆయన గతించగా, ఆయన కోరినట్లే 2010 ఫిబ్రవరి 16న అవి సర్వజనుల సొత్తయ్యాయి.

ఇది చదివినప్పుడు నన్ను నేను నిందించుకొన్నాను. శ్రీరామనవమి పందిట్లో ఏటేటా హరికథ చెప్పిన భాగవతారుగారి కంఠం నాకింకా వినిపిస్తూనే ఉంది. ముఖం మాత్రం చెరిగిపోతున్నది. నా వద్ద కెమెరా ఉండేది. ఫిల్మంతా పెళ్ళిళ్ళకే ఖర్చుచేశాను.

మిత్రులారా, మీ ఊరి కళాకారుల చిత్రమొకటైనా ఉంటే, వెనుక పేరూ తేదీ వ్రాసి దాచండి.