డోర్నకల్‌లో ఒక ఈస్టరు వేకువ

ఈస్టరు పండుగనాడు సొంత సంఘాన్ని విడిచి వేరొక ఊరికి వెళ్ళడం మా ఇంట ఎన్నడూ లేదు. ఒక్క సంవత్సరం మాత్రం వెళ్ళాము. ఎందుకు వెళ్ళామో దాచకుండా చెప్పాలి.

మా రెండవ కుమారుడు పదిహేడవ ఏట జ్వరంతో ప్రభువునందు నిద్రించాడు. ఈస్టరు వేకువన మా సంఘమంతా సమాధుల తోటలో కూడుకుంటుంది. సున్నం వేసిన సమాధుల మీద పూలు ఉంచి, కొవ్వొత్తులు వెలిగించి, పునరుత్థానపు పాటలు పాడుతుంది. అక్కడ మా బిడ్డ సమాధి ఎదుట నిలబడే ధైర్యం మాకు లేకపోయింది. అందుచేత శనివారం ఉదయమే ఖమ్మంలో ప్యాసింజరు బండి ఎక్కి, డోర్నకల్‌లో ఉన్న మా పెద్దక్క ఇంటికి వెళ్ళాము.

డోర్నకల్ కాజీపేట, విజయవాడల మధ్యనున్న జంక్షను. కొత్తగూడెం వైపు వెళ్ళే రైలు దారి ఇక్కడే చీలుతుంది. ఊరు చిన్నదే గాని, తెలుగు క్రైస్తవులకు దాని పేరు పెద్దది. ఎండ చల్లబడిన తరువాత అక్క మమ్ములను ఎపిఫనీ దేవాలయానికి తీసుకొనివెళ్ళింది. గుమ్మటాలు, మినార్లు, రాతి స్తంభాలు కలిసిన కట్టడమది. గుడికట్టూ మసీదుకట్టూ రెండూ ఎరిగిన మన దేశపు కళ్ళకు అది పరాయిదిగా కనబడదు. నిర్మాణం ఏళ్ళ తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది.

దీనిని కట్టించిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తెలుగువారు కారు. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో జన్మించిన తమిళులు. 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చి, మన భాష నేర్చుకొని, పల్లె పల్లెకు తిరిగి బీదల మధ్య సేవ చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. వేర్వేరు మిషన్ల సంఘాలు ఒక్కటి కావాలని 1919లో తరంగంబాడి సమావేశం నాటినుండి పాటుపడ్డారు. అయితే 1945 జనవరి 1న కన్నుమూశారు. మూడేళ్ళు తిరగకముందే, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. పాతికేళ్ళు ఎదురుచూచిన ఆ దినాన్ని ఆయన చూడలేదు.

ఆయన సమాధి దగ్గర చాలాసేపు నిలబడ్డాము. విత్తనం వేసినవాడు పంటను చూడకుండానే మట్టిలో పడుకున్నాడు. అయినా పంట ఆగలేదు. రైతుబిడ్డలమైన మనకు ఇది తెలియని సంగతి కాదు. మట్టిలో పడిన గింజ పోయిందని ఏ రైతూ ఏడవడు. మేము మాత్రం మా గింజను మట్టికి అప్పగించి, ఆ చేను వైపు చూడడమే మానుకున్నాము.

రాత్రి అక్క పెరట్లో సున్నం కలుపుతూ ఉంది. బావగారి సమాధికి తెల్లవారకముందే వేయాలట. మేము మాట్లాడక కూర్చుండడం చూచి, "చూడకుండా ఉంటే సమాధి లేకుండా పోతుందా, తమ్ముడూ? ఆ స్త్రీలు మాత్రం ధైర్యం ఉండే వెళ్ళారా?" అన్నది.

ఆ మాట మమ్ములను నిద్రపోనివ్వలేదు. నిజమే. ఆ వేకువన స్త్రీలు ప్రభువు లేచాడని నమ్మి వెళ్ళలేదు. మృతదేహానికి పూయడానికి సుగంధ ద్రవ్యాలు పట్టుకొని వెళ్ళారు. రాయి ఎవరు దొర్లిస్తారో తెలియకుండానే వెళ్ళారు. ఇంట్లోనే ఉండిపోయి ఉంటే దుఃఖం మిగిలేదే గాని, దూత మాట వినేవారు కారు. శుభవార్త మొదట వినబడింది సమాధి దగ్గరే!

నాలుగు గంటలకు అక్కతో వెళ్ళాము. చీకటిలో ఒక్కొక్క కొవ్వొత్తీ వెలిగింది. పిల్లలు సమాధుల మధ్య పరుగెత్తుతుంటే ఎవరూ కోప్పడలేదు. తూర్పు తెల్లబడేసరికి, ప్రభువు లేచాడని అందరూ ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఆరాధన ముగియగానే అక్క దగ్గర మిగిలిన సున్నం డబ్బాలో పోయించుకొని, మొదటి బండికే తిరుగుప్రయాణమయ్యాము.

మధ్యాహ్నపు ఎండలో మా ఊరి సమాధుల తోటకు వెళ్ళి నిలబడిపోయాము. మా బిడ్డ సమాధి తెల్లగా మెరుస్తూ ఉంది! మీద బంతిపూలు, కరిగిపోయిన కొవ్వొత్తి. మా పక్కింటి ముసలమ్మ చేసిన పని అది. "మీరు ఉండరని తెలిసింది. పండుగపూట బిడ్డ దగ్గర దీపం లేకపోతే ఎట్లా?" అన్నది.

మేము దొర్లించలేమనుకొన్న రాయి, మేము వెళ్ళేసరికే దొర్లించబడి ఉంది.

తెచ్చిన సున్నాన్ని పారవేయలేదు. పక్కన ఎవరూ లేని ఒక పాత సమాధికి వేసి, ప్రార్థించి ఇంటికి వచ్చాము. మా కన్నీళ్ళు ఆగిపోయాయని చెప్పము. ప్రభువు కూడా లాజరు సమాధి దగ్గర కన్నీరు విడిచాడు గదా! నిరీక్షణ లేనివారివలె మాత్రం ఏడవడం లేదు.

ప్రియులారా, ఈ ఈస్టరుకు మీ సంఘంలో తోటకు రాలేక ఇంట్లోనే ఉండిపోయినవారు ఉంటే, వారి తరఫున ఒక కొవ్వొత్తి వెలిగించండి. మరణాన్ని జయించి లేచిన ప్రభువు మనలనందరినీ ఆదరించును గాక. ఆమేన్.